చిన్న వంటింట్లో ఎల్ ఆకారం గట్టు ఎలా వేసుకోవాలి?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఇప్పుడు కడుతున్న ఇళ్ళలో వంటిల్లు 8 అడుగులకి 8, మహా అయితే 8కి 10. ఆ కొలతకి ఎల్ ఆకారం గట్టే సరైనది. ఒకే గోడకి తిన్నగా గట్టు వేస్తే స్టవ్‌కీ సింకుకీ మధ్య కూర తరుక్కునే చోటుండదు. మూడు వైపులా యు ఆకారంలో వేస్తే నడుమ ఖాళీ 4 అడుగులకి పడిపోతుంది. ఫ్రిజ్‌ని హాల్లోకి నెట్టాలి, సంక్రాంతికి అక్కచెల్లెళ్ళు వస్తే ఇద్దరు కలిసి అరిసెలు కూడా వండుకోలేరు.

ఇంత తేలికైన ఆకారాన్ని కూడా ఊరూరా పాడు చేస్తున్నారు. స్టవ్ ఎక్కడో, సింకు ఎక్కడో, తలుపుల రంగేమిటో అన్నీ తేల్చుకున్నాక, రెండు గట్లు కలిసే మూల దగ్గరికి చివర్లో వస్తారు. అప్పటికి చేయడానికేమీ మిగలదు. ఎల్ గట్టులో మూల సంగతి ముందు తేలాలి. మిగతావన్నీ దాన్ని బట్టే సర్దుకుంటాయి.

కావలసినవి

టేపు, సుద్దముక్క, పురికొస, మూలమట్టం, ఒక గళ్ళ కాగితం, పాత అట్టపెట్టె ఒకటి. ఇంట్లో ఉన్న స్టవ్, ఫ్రిజ్, గ్రైండర్, సిలిండర్ కొలతలు ఒక కాగితం మీద రాసుకోండి. కొత్తవి కొనే ఆలోచన ఉంటే ఏ మోడల్ కొంటారో ఇప్పుడే ఖాయం చేసుకోండి.

1. గది కొలవండి

ప్లాస్టింగ్ అయ్యాకే కొలవాలి. ఇటుక గోడ మీద తీసిన కొలతలు పనికిరావు. టైల్స్ మందం కూడా కలుపుకోండి. గుమ్మం తలుపు ఎటు తెరుచుకుంటుందో, కిటికీ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, సింకు నీళ్ళు ఏ గోడలోంచి బయటికి పోతాయో కాగితం మీద గుర్తు పెట్టండి.

2. ఏ రెండు గోడలో ఎంచుకోండి

పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, వండేవాళ్ళు తూర్పు ముఖంగా నిలబడాలి అన్నది మన వైపు పెద్దవాళ్ళ మాట. నేను దానికి ఎప్పుడూ అడ్డు చెప్పను. కాని ఆ మాట కోసమని తూర్పు, దక్షిణం గోడలకి గట్టు వేస్తున్నారు చూడండి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఎల్ మూల సరిగ్గా ఆగ్నేయంలోకి వచ్చి పడుతుంది. ఆగ్నేయంలో పొయ్యి అన్నారు కదా అని స్టవ్ తీసుకెళ్ళి ఆ మూలలో కూర్చోబెడతారు.

తూర్పు, ఉత్తరం గోడలు తీసుకోండి. తూర్పు గట్టుకి దక్షిణపు కొసన స్టవ్ వస్తుంది. అది ఆగ్నేయమే, వండేవాళ్ళ ముఖమూ తూర్పుకే. ఉత్తరం గట్టు మీద సింకు, నీళ్ళు ఈశాన్యం వైపు ఉన్నట్టే. రెండింటి మధ్యా మూల ఖాళీగా, తరుక్కోవడానికి, రుబ్బుకోవడానికి మిగులుతుంది. వంటింటి గుమ్మం పడమరకో దక్షిణానికో ఉన్న ప్రతి ఇంటికీ ఇదే వేయాలి. ఉత్తరంలో గుమ్మం ఉండి తప్పనిసరిగా తూర్పు, దక్షిణం గోడలే దక్కితే, స్టవ్‌ని తూర్పు గట్టు మీదే ఉంచి మూల నుంచి ఉత్తరానికి జరపండి. అడుగున్నర జరిపినంత మాత్రాన ఆగ్నేయం ఎక్కడికీ పోదు.

3. మూల

ఇక్కడ తొందరపడకండి.

మొదటి సంగతి, మూలలో స్టవ్ వద్దు, సింకూ వద్దు. 24 అంగుళాల వెడల్పు గట్లు రెండు కలిసినప్పుడు, మనం నిలబడే లోపలి కోణం నుంచి వెనక గోడల మూలకి ఐమూలగా 34 అంగుళాలు ఉంటుంది. అంత లోపలికి చెయ్యి చాచి మరిగే పులుసు కలపడం ప్రమాదం. పైగా రెండు పక్కలా గట్టు అడ్డం కాబట్టి పక్కకి జరిగే వీలుండదు, నూనె చిట్లినప్పుడు మనిషి వెనక్కే తగ్గాలి. చిమ్నీ కూడా అక్కడ తిన్నగా బిగించలేరు. సింకు పెడితే వంగి గిన్నెలు తోమి తోమి నడుము పోతుంది, కింద పైపు కారితే ప్లంబర్ లోపలికి దూరలేడు. లోపలి కోణం నుంచి సింకు అంచు 18 అంగుళాల దూరంలో ఉండాలి. స్టవ్ అంచు కనీసం 12 అంగుళాల దూరంలో ఉండాలి.

రెండోది, ఆ మూల నిజంగా మూలమట్టానికి ఉందో లేదో చూడాలి. షోరూముల వాళ్ళు కంప్యూటర్‌లో గీసి చూపించే బొమ్మల్లో ప్రతి మూలా సరిగ్గా 90 డిగ్రీలుంటుంది. మన గోడలు అలా ఉండవు. ప్లాస్టింగ్ ఒక చోట మందం, ఒక చోట పలచన. చూసే పద్ధతి తాపీ మేస్త్రీలందరికీ తెలుసు, అడిగితే తప్ప చేయరు, అందుకని మీరే చేసుకోండి. గోడల మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులకి గుర్తు, రెండో గోడ వెంట 4 అడుగులకి గుర్తు. రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి. సరిగ్గా 5 అడుగులుంటే మూల సరిగా ఉన్నట్టు. ఎక్కువొస్తే మూల విచ్చుకుంది, తక్కువొస్తే ముడుచుకుంది. గోడ పొడవుంటే 6, 8, 10 అడుగుల లెక్కన చూస్తే ఇంకా నమ్మకం. గట్టు వచ్చే ఎత్తులో ఒకసారి, పైన అరలు వచ్చే ఎత్తులో ఇంకోసారి చూడండి, ఎందుకంటే గోడ కిందా పైనా ఒకేలా ఉండదు.

అరంగుళం తేడాయేగా అని వదిలేయకండి. 5 అడుగుల కొలతలో అరంగుళం తేడా అంటే కోణంలో దాదాపు ఒక డిగ్రీ. 8 అడుగుల గోడ చివరికి వెళ్ళేసరికి అది ఒకటిన్నర అంగుళం దాటుతుంది. గ్రానైట్‌ని తిన్నగా కోసుకొచ్చి పెడితే గోడకీ రాయికీ మధ్య ఒక కొసన సన్నగా, ఒక కొసన వేలు దూరేంత సందు. దాన్ని తెల్ల సిమెంటుతో పూడుస్తారు. ఏడాది తిరిగేసరికి అది ఊడిపోయి, నీళ్ళు కిందికి దిగి, బొద్దింకలు చేరతాయి. తేడా చిన్నదైతే టైల్స్ వెనక మాలు మందం పెంచి గోడనే సరిచేయించండి. పెద్దదైతే పాత అట్టపెట్టె ముక్కల్ని గట్టు మీద పరిచి, గోడ వంపు ఎలా ఉంటే అలా కత్తిరించి, ఆ అట్టని రాయి కోసే చోటికి పంపండి. కాగితం మీద అంకెలు పంపితే సరిపోదు, అట్టే పంపండి.

మూడోది రాయి అతుకు. రెండు గ్రానైట్ పలకలు మూలలో ఎక్కడో ఒక చోట కలవాలి. కొందరు ఫొటో ఫ్రేములా ఐమూలగా కోయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది గాని గోడల మూల దగ్గర రాయి మొన సన్నబడి, బరువైన గిన్నె ఒకటి పడితే చిట్లుతుంది. ఒక పలక గోడ నుంచి గోడ దాకా తిన్నగా వెళ్ళాలి, రెండోది వచ్చి దానికి ఆనాలి. ఆ అతుకు కింద తప్పకుండా నిలువు బండ ఆసరా ఉండాలి. సింకు కోసిన కన్నానికి అతుకు 6 అంగుళాల లోపు రాకూడదు.

నాలుగోది, గట్టు కింద తలుపులు, సొరుగులు. మూలకి అటొకటి ఇటొకటి సొరుగు పెడితే ఒకటి లాగినప్పుడు రెండోదాని పిడికి కొట్టుకుంటుంది, సగంలో ఆగిపోతుంది. మూలకి రెండు వైపులా 3 అంగుళాల చొప్పున కదలని పట్టీ వదలండి. అంత చోటు వృథా అని మీ వడ్రంగి అంటాడు. ఆయన మాట వినకండి.

చివరిది, మూల కింద చీకటి గదిలా మిగిలే 24 అంగుళాల చదరం. దానికి గుండ్రంగా తిరిగే పళ్ళేలు, లాగితే బయటికొచ్చే తీగ బుట్టలు అమ్ముతారు. ఖరీదెక్కువ, పట్టేది తక్కువ. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి వాటి ఇరుసులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. నా పద్ధతి ఇది. ఆ చదరానికి మధ్య గోడ కట్టకండి, అడుగున గద్దె కూడా కట్టకండి, నేల తిన్నగా లోపలికి వెళ్ళాలి. స్టవ్ ఉన్న గట్టు వైపు నుంచి కనీసం 18 అంగుళాల వెడల్పున తలుపు పెట్టండి. సింకు వైపు నుంచి పెడితే పైపులు అడ్డం. లోపల, అన్ని వైపులకీ తిరిగే చక్రాలున్న పలక మీద బియ్యం డబ్బా. 25 కిలోల బస్తా పోసినా ఒక చేత్తో ముందుకి లాగొచ్చు. పైన ఒక బండ అర వేసి ఆవకాయ జాడీలు, పండగల్లో తప్ప దించని పెద్ద గిన్నెలు పెట్టుకోండి. గట్టు పైన మూలలో, తరుక్కోవడానికి వాడని వెనక భాగంలో, మిక్సీ, గ్రైండర్. అక్కడే గట్టుకి 10 అంగుళాల పైన 6 ఆంపియర్ల ప్లగ్గొకటి, 16 ఆంపియర్లదొకటి పెట్టించండి.

4. నేల మీద గీసి చూడండి

సుద్దతో గట్టు, స్టవ్, సింకు, ఫ్రిజ్ నేల మీద గీయండి. 8కి 8 గదిలో లెక్క ఇలా వస్తుంది. తూర్పు గోడకి దక్షిణం కొస నుంచి 18 అంగుళాలు ఖాళీ, 28 అంగుళాల స్టవ్, తరుక్కోవడానికి 26 అంగుళాలు, ఆపైన 24 అంగుళాల మూల. ఉత్తరం గోడకి మూల దాటాక 18 అంగుళాలు వదిలి 24 అంగుళాల సింకు, తరవాత మిగిలే 30 అంగుళాలు కడిగిన గిన్నెలు బోర్లించుకోవడానికి. ఫ్రిజ్ గుమ్మం పక్కన పడమర గోడకి.

స్టవ్, సింకు, ఫ్రిజ్ మూడూ కలిపితే వచ్చే త్రిభుజంలో ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగుల మధ్య ఉండాలని వంటిళ్ళ లెక్క. పైన చెప్పిన పద్ధతిలో స్టవ్ నుంచి సింకుకి ఐదున్నర అడుగులు. గంజి వార్చే అలవాటున్న ఇళ్ళలో ఈ దూరమే ముఖ్యం. పొంగుతున్న అన్నం గిన్నె పట్టుకుని రెండడుగులు వేసి సింకు దగ్గరికి చేరాలి, దారిలో ఎవరూ అడ్డం రాకూడదు. ఫ్రిజ్ తలుపు తెరిచినా ఆ దారికి తగలకూడదు. గీతల మధ్య నిలబడి ఒకసారి ఉత్తుత్తిగా వంట చేసి చూడండి.

5. ఎత్తులు, గ్యాస్

వండే మనిషి మోచేతికి 4 నుంచి 6 అంగుళాల కింద గట్టు ఉండాలి. మన ఇళ్ళలో 32 నుంచి 34 అంగుళాలు వస్తుంది. మేస్త్రి తన లెక్కన కాక, ఇంట్లో రోజూ వండేవాళ్ళని నిలబెట్టి కొలవాలి. స్టవ్‌కీ చిమ్నీకీ మధ్య 26 నుంచి 30 అంగుళాలు. కిటికీ స్టవ్ వెనక వద్దు, గాలికి మంట నిలవదు. సింకు పైన పెట్టించండి.

14.2 కిలోల సిలిండర్ స్టవ్ కింద కాక, పక్కన వదిలిన 18 అంగుళాల ఖాళీ కింద నిలువుగా ఉండాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకని ఆ అరకి తలుపు పెడితే అడుగున కన్నాలు తప్పనిసరి. రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటరు మించకూడదు, ఐదేళ్ళకోసారి మార్చాలి.

6. ఏ సరుకు వాడాలి

గట్టు కింద నిలువులకి కడప బండలే. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే బోర్డులు) పెట్టెలు డెల్టాలో పెట్టకూడదు. మన నేలలో రెండడుగులు తవ్వితే చెమ్మ, వానాకాలం గోడ అడుగు తడి పీలుస్తుంది. 2022 జులై గోదావరి వరదలో లంక ఊళ్ళ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక బండ కడుక్కుంటే సరిపోతుంది, బోర్డు ఉబ్బితే పారేయడమే. చెక్క తలుపులే కావాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే తడికి ఆగే ప్లైవుడ్, తీసుకోండి. బందులు 304 రకం స్టీలువి అడిగి తీసుకోండి. పైన అరలు 12 నుంచి 14 అంగుళాల లోతు చాలు, మూల దగ్గర తలుపులు లేకుండా వదిలేయండి.

7. నీళ్ళ పని

సింకు గొట్టం అడుగుకి పావు అంగుళం వాలుతో బయటికి పోవాలి. వీధి కాలువ మన ఇంటి మట్టానికి దగ్గరగా ఉండే ఊళ్ళలో వాలు దొరకడం కష్టం, అందుకే సింకు బయటి గోడకే ఉండాలి. చేపలూ రొయ్యలూ దొడ్లో కుళాయి దగ్గర శుభ్రం చేసుకునేలా అక్కడొక బండ వేయించుకోండి. పొలుసులు వంటింటి గొట్టంలోకి వెళ్ళనివ్వకండి.

అంతా బిగించాక రాయికీ గోడకీ మధ్య సిలికాన్ పట్టించి ఒక రోజు ఆరనివ్వండి. తరవాత సింకు మూత పెట్టి నిండా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదలండి. కింద అరలో పాత న్యూస్ పేపర్ పరిచి చూడండి, చుక్క తడి కనిపించినా ప్లంబర్‌ని వెనక్కి పిలవండి. ఆ పేపర్ పొడిగా ఉందని చూసుకున్నాకే ఆఖరి డబ్బులు ఇవ్వండి.