ఆనప పిందెలు రాలడం ఎలా ఆగిందంటే

విజయనగరంలో మా డాబా మీది ఆనపపాదుకి పిందెలు వేలెడయ్యేసరికి పసుపెక్కి రాలిపోయేవి. రైతుబజారు ఖర్చు తగ్గుతుందని వేసిన పాదు! వేపనూనె, పుల్లమజ్జిగ, గత్తం అన్నీ అయ్యాయి, ఫలితం సున్నా.

ఆనపపువ్వు విచ్చేది సాయంత్రం. ఆ వేళకి మా డాబా మీద తేనెటీగలు కనిపించవు, ఆడపువ్వుకి పుప్పొడి అందక పిందె రాలిపోతోందన్నమాట. అందుకే ఆరున్నరకి టార్చి పట్టుకుని ఎక్కాను. ఉత్త కాడ మీద ఉన్నది మగపువ్వు, కింద నూగు పిందె ఉంటే ఆడది. అప్పుడే విచ్చిన మగపువ్వు తుంచి, రెక్కలు ఒలిచేసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి బొడిపెకి మెల్లగా మూడు నాలుగుసార్లు అద్దాను. గుర్తుకి దారం కట్టాను. "పువ్వులకి పెళ్లి చేస్తున్నావేటే?" అని మా అత్తగారు ఒకటే నవ్వు.

ఐదింటిలో నాలుగు నిలిచాయి. మీ పాదుకి అసలు ఆడపువ్వులే రాకపోతే, కుండీ మరీ చిన్నదైతే ఇది పనిచేయకపోవచ్చు. మొన్న ఆదివారం మొదటి కాయ కోసి, ఆవపెట్టి వండాను.