షెన్‌జెన్‌కి రెండోసారి వెళ్తున్నారా? పాత లెక్కలు పక్కన పెట్టండి

విజయనగరం గంటస్తంభం దగ్గర మాది సెల్ రిపేర్ షాపు. 2014లో స్పేర్ పార్టుల కోసం చైనాలోని షెన్‌జెన్ వెళ్లాను, మళ్లీ వెళ్లింది ఈ మధ్యనే. చూసిన ఊరే కదా అన్న ధీమాతో దిగితే మొదటి రోజంతా వృథా అయిపోయింది. మీకలా అవ్వకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. అప్పుడు జేబు నిండా వంద యువాన్ల నోట్లతో తిరిగాను, ఇప్పుడు నూడుల్స్ బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. మన టీ కొట్టులో ఉన్నట్టే ఉంటుంది గానీ మన ఫోన్‌పే అక్కడ పనిచేయదు. ఇంటి దగ్గరే అలీపే అనే చైనా పేమెంట్ యాప్ వేసుకుని, పాస్‌పోర్టుతో వెరిఫై చేసుకుని, వీసా కార్డో మాస్టర్‌కార్డో కలపండి. 200 యువాన్ల లోపు బిల్లుకి అదనపు ఛార్జీ ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. కార్డుకి విదేశీ లావాదేవీలు, సిమ్‌కి రోమింగ్ రెండూ ఆన్ చేయించుకోవాలి. నేను రోమింగ్ మర్చిపోయాను, ఓటీపీ రాలేదు, రాత్రి దాకా ఒకటే టెన్షన్. రెండు కార్డులు, కొంచెం నగదు కూడా ఉంచుకోండి.

అక్కడ వాట్సాప్, గూగుల్ తెరుచుకోవు. మన సిమ్ మీద రోమింగ్ డేటా అయితే మామూలుగా పనిచేస్తాయి, హోటల్ వైఫై మీద మాత్రం కావు. హోటల్ అడ్రస్ చైనీస్ అక్షరాల్లో ఫోటో తీసి ఉంచుకోండి, టాక్సీ అతనికి చూపిస్తే చాలు.

2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం మళ్లీ మొదలైంది, మనకి ఇదే సుఖం. విజయనగరంలో హౌరా బండి ఎక్కేస్తే సరి. గ్వాంగ్‌జౌ సౌత్ నుంచి షెన్‌జెన్ నార్త్‌కి హైస్పీడ్ రైల్లో అరగంట పైచిలుకు, పాస్‌పోర్టే టికెట్. హాంకాంగ్ మీదుగా వెళ్లేవాళ్లు అక్కడ దిగి ఊళ్లోకి వెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. హాంకాంగ్‌లోని వెస్ట్ కౌలూన్ స్టేషన్ నుంచి షెన్‌జెన్‌లోని ఫుతియన్ స్టేషన్‌కి రైల్లో 14 నిమిషాలే.

ఇక హువాచియాంగ్‌బై, అంటే మనం స్పేర్ పార్టులు కొనే ఎలక్ట్రానిక్స్ మార్కెట్ వీధి. 2014లో మెట్రో పనులకి ఆ వీధంతా రేకులు కట్టి మూసేశారు, సందుల్లోంచి దూరి వెళ్లేవాళ్లం. 2017లో తెరిచాక అది నడిచేవాళ్ల వీధి అయిపోయింది, పాత గుర్తులు పట్టుకుని వెతకొద్దు, మెట్రో స్టేషన్ పేరు పట్టుకుని వెళ్లండి. లోపల పద్ధతి మాత్రం మారలేదు, కళ్లతో చూసి కొనాల్సిందే. డిస్‌ప్లేలు కొంటే ప్రతిదీ టెస్టర్‌కి తగిలించమనండి. తెల్ల స్క్రీన్ పెట్టించి నాలుగు మూలలూ చూడండి, పసుపు మచ్చ ఉంటే పక్కన పెట్టేయండి. ఆ తర్వాత ఒక ఐకాన్‌ని వేలితో పట్టుకుని స్క్రీనంతా మెల్లగా లాగాలి, మధ్యలో జారిపోయిందంటే అక్కడ టచ్ చచ్చినట్టే. వంద పీసులకి గంటన్నర పట్టింది, ఏడు పక్కన పెట్టాను, కౌంటర్ అమ్మాయి ఒక్క మాట అనకుండా మార్చి ఇచ్చింది. తొందర పెట్టే కౌంటర్‌లో కొనొద్దు, పక్కనే ఇంకో వంద ఉంటాయి.

రోడ్డు మీద జాగ్రత్త. 2017 చివరికే అక్కడి సిటీ బస్సులు, 16 వేలకు పైగా, మొత్తం ఎలక్ట్రిక్ అయిపోయాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లయితే ఫుట్‌పాత్ మీదకే వచ్చేస్తాయి. మనం చప్పుడు విని తప్పుకునే అలవాటున్నవాళ్లం, అక్కడ చప్పుడే ఉండదు, కాలు వేసే ముందు రెండు వైపులా తిరిగి చూడండి.