జీనస్ తప్పు వస్తోందా? ఆ తప్పు నంబరే కారణం చెబుతుంది

జీనస్ అంటే, వక్రాన్ని సంకీర్ణ సంఖ్యల్లో చూసి నునుపు చేస్తే వచ్చే ఉపరితలానికి ఉన్న రంధ్రాల సంఖ్య. సమతల వక్రం డిగ్రీ డి అయితే (డి−1)(డి−2)/2 వేసి, అందులోంచి ప్రతి సింగ్యులర్ బిందువు (వక్రం నునుపుగా లేని చోటు) డెల్టా, అంటే ఆ బిందువు జీనస్‌ని ఎంత తగ్గిస్తుందో ఆ సంఖ్య, తీసేస్తే జీనస్ వస్తుంది. ఫార్ములా చిన్నదే, చిక్కంతా ఆ డెల్టాల దగ్గరే.

సమస్య: జీనస్ ఎక్కువ వస్తోంది

వై² = ఎక్స్⁵ తీసుకోండి. డిగ్రీ 5, కాబట్టి 6తో మొదలు. ఎక్స్ = టి², వై = టి⁵ అని ఒకే చలరాశి టి తో రాసేయొచ్చు కనక (అలాంటి వక్రం జీనస్ 0) జవాబు 0 రావాలి. మీకు 6 వచ్చిందంటే డెల్టాలేవీ తీయలేదు. సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో అయితే అరిథ్‌మెటిక్ జీనస్ (డెల్టాలు తీయని లెక్క) అడిగి ఉంటారు, జియోమెట్రిక్ జీనస్ (తీసిన లెక్క) అడగండి. 4 వస్తే మూలబిందువు దగ్గరి 2 తీశారు, అనంతం వైపు చూడలేదు. ప్రతి పదం డిగ్రీ 5 అయ్యేలా జడ్ చేర్చి వై²జడ్³ = ఎక్స్⁵ చేసి వై = 1 పెట్టండి, జడ్³ = ఎక్స్⁵ బయటపడుతుంది, మిగతా 4 అక్కడుంది. 2 వచ్చిందా? అప్పుడు బిందువులు రెండూ దొరికాయి గానీ, మల్టిప్లిసిటీ ఎం (ఆ బిందువు దగ్గర సమీకరణంలో అన్నిటికన్నా చిన్న పదం డిగ్రీ) చూసి ఎం(ఎం−1)/2 ఒక్కసారి తీసి వదిలేశారు: 1, 3. ఒక్క బ్లోఅప్‌తో (వై బదులు ఎక్స్·వై పెట్టి, ఉమ్మడి ఎక్స్‌లు కొట్టేసి బిందువుని విప్పడం) పని అయిపోదు. మూలబిందువు దగ్గర బ్లోఅప్ చేస్తే వై² = ఎక్స్³ మిగులుతుంది, అదింకో 1; అనంతం దగ్గరా అలాగే ఇంకో 1 ఉంది. నునుపయ్యేదాకా చేయాల్సిందే.

సమస్య: జీనస్ మైనస్‌లో వస్తోంది

వక్రం ఒక్కటి కాదు, ముక్కలుంది. ఎక్స్² − 2వై² ని అకరణీయ సంఖ్యల్లో విడగొట్టలేం, √2 చేరిస్తే మాత్రం రెండు సరళరేఖలు, అవి కలిసే బిందువు డెల్టా 1 కనక లెక్క 0 − 1 = −1. గుణకాల ఫీల్డ్‌ని (గుణకాలుగా ఒప్పుకునే సంఖ్యల సమితిని) పెంచి కారణాంకాలు చూడండి. జవాబు మైనస్ కాకపోయినా ఈ పరీక్ష చేయండి, ఎందుకంటే ముక్కల జీనస్ పెద్దదైతే మైనస్ కనపడదు.

సమస్య: ఒకసారి 0, ఒకసారి 1

దశాంశాలు వాడుతున్నారు. వై² = ఎక్స్³ జీనస్ 0, కానీ కుడివైపు 0.000001 కలిసిందంటే సింగ్యులారిటీయే పోయి 1 అవుతుంది. గుణకాలన్నీ భిన్నాల్లో పెట్టండి. సింగ్యులర్ బిందువు ఎక్స్³ = 2 లాంటి దగ్గర పడితే 1.2599 అని రాయకండి, ఆ మూలాన్ని గుర్తుగానే ఉంచి ఒక్క బిందువు దగ్గర డెల్టా కట్టి 3తో గుణించండి, మూడు మూలాల దగ్గరా డెల్టా ఒకటే. మూడుసార్లు కట్టే పని తప్పుతుంది.

సమస్య: మాడ్యులో పి లో ప్యూజో శ్రేణి దొరకట్లేదు

ప్యూజో శ్రేణి అంటే వై ని ఎక్స్ భిన్న ఘాతాల్లో రాయడం; మాడ్యులో పి అంటే గుణకాలు ప్రధాన సంఖ్య పి తో భాగిస్తే వచ్చే శేషాలు. చిన్న పి దగ్గర ఆ శ్రేణి అసలు ఉండకపోవచ్చు. హాంబర్గర్–నోథర్ విస్తరణ (భిన్న ఘాతాలు లేకుండా, వరుస భాగహారాలతో వక్రాన్ని వర్ణించే పద్ధతి) వాడండి, సింగ్యులర్ అనే పేరున్న బీజగణిత సాఫ్ట్‌వేర్‌లో దానికి విడిగా లైబ్రరీ ఉంది.