హైదరాబాద్‌లో మిద్దె తోట: ప్రభుత్వ సాయంతో ఎలా మొదలుపెట్టాలి?

మిద్దె తోట పెట్టాలనుకునేవారు చాలామంది నేరుగా నర్సరీకి వెళ్లి కుండీలు, మట్టి, మొక్కలు కొనేస్తారు. రాయితీ సంగతి ఆ తర్వాత అడుగుతారు. ఈ వరుస మార్చండి. ముందు ఉద్యాన శాఖ గడప తొక్కండి, డబ్బు తర్వాత తీయండి.

నాంపల్లి రెడ్‌హిల్స్‌లోని ఉద్యాన శిక్షణ సంస్థ ఇంటిపంటలపై నగరవాసులకు తరగతులు నిర్వహిస్తుంటుంది. తదుపరి తరగతి ఎప్పుడో తెలుసుకుని పేరు రాయించుకోండి. ఈ ఏడాది మిద్దె తోటలకు రాయితీ ఉందా, ఉంటే ఏ వస్తువులకు, కొనకముందే మంజూరు కావాలా అని అప్పుడే అడగండి. 2011-12లో కేంద్ర వ్యవసాయ పథకమైన రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద నగరాలకు కూరగాయల పథకం వచ్చాక, ఇక్కడ మిద్దె తోటల కిట్లను సగం ధరకే ఇచ్చారు. అలాంటి రాయితీ నిధులున్న ఏడాది వస్తుంది, లేని ఏడాది ఆగుతుంది. శిక్షణలో నేర్చుకున్నది మాత్రం ఎప్పటికీ మీదే. నా దృష్టిలో అసలైన సాయం అదే.

ఇక మిద్దె. అపార్ట్‌మెంట్ అయితే పైకప్పు అందరిదీ కాబట్టి సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అంతకంటే ముఖ్యం బరువు. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారాన్ని లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. చదరపు మీటరు విస్తీర్ణంలో అడుగు లోతున తడిమట్టి పోస్తే దాదాపు 500 కిలోలు తూగుతుంది! అందుకే మిద్దె నిండా మట్టి పరచకూడదు. మడులు, పెద్ద కుండీలు దూలాల మీదుగా, గోడల వెంట రావాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది, నీరూ నిలవదు. కుండీకి గుప్పెడు వేపపిండి కూడా వేయండి. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించకుండా ఒక్క బస్తా కూడా పైకి ఎక్కించవద్దు.

ఎరువు కొనే అవసరం చాలావరకు ఉండదు. స్వచ్ఛ ఆటోకు ఇచ్చే తడి చెత్తలో కూరగాయల తొక్కలు పక్కన పెట్టి, అడుగున రంధ్రాలున్న డబ్బాలో ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండుటాకులు వేస్తూ పోండి. పుల్లటి మజ్జిగ చిలకరిస్తే త్వరగా మాగుతుంది. రోజుకు 100 కిలోలకు పైగా చెత్త వచ్చే సముదాయాలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. మీ గేటెడ్ కమ్యూనిటీలో ఆ ఏర్పాటు ఉంటే కంపోస్టులో వాటా అడగండి.

మొదటి పంటగా ఆకుకూరలే వేయండి. మూసీ దిగువన మురుగునీటితో ఆకుకూరలు పండుతున్న నగరంలో, కనీసం పాలకూర, తోటకూర, మెంతికూర మన కళ్లముందు మంచినీటితో పెరగాలి. నెల అటూఇటుగా కోతకు వస్తాయి. బెండ, బీర, సొర తొలకరికి, టమాటా, క్యాబేజీ చలికాలానికి. ఏప్రిల్, మే ఎండలకు సగం నీడనిచ్చే షేడ్‌నెట్ తప్పనిసరి. పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకుల అడుగున పిచికారీ చేయండి. విత్తనాలకు రాజేంద్రనగర్‌లోని కూరగాయల పరిశోధన స్థానంలో విచారించండి. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరిగినప్పుడు వెళ్తే నారు, పనిముట్లు ఒకేచోట దొరుకుతాయి.

మిద్దె లేనివారికి కాలనీ పార్కు ఉంది. ఖాళీగా ఉన్న మూలలో మునగ, కరివేపాకు, కూరగాయల మడులు పెంచుతామని సంక్షేమ సంఘం పేరుతో మీ ప్రాంత నగరపాలక సంస్థకు దరఖాస్తు చేయండి. నగరపాలక సంస్థ పూలమొక్కలకు ఇచ్చే నీటిలో కొంత కూరగాయలకూ ఇవ్వాలని అడగడం మన హక్కని నేను గట్టిగా నమ్ముతాను. ఎంత స్థలం కావాలి, రోజూ నీళ్లు పోసేది ఎవరు, పంట ఎవరికి పంచుతారు అన్నవి దరఖాస్తులో స్పష్టంగా రాయండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కనీసం ఐదారుగురు కలిసి వెళ్లి ఇవ్వండి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే తర్వాతి సోమవారం అదే రసీదుతో మళ్లీ వెళ్లండి.