పాత గేమ్ జర్క్ కొడుతోందా? విండోస్ సెక్యూరిటీ ఆపేసే ముందు ఇవి చూడండి

పాత కన్సోళ్ల గేములను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్‌లో గేమ్ సాఫీగా నడవకపోతే వినిపించే మొదటి సలహా ఒకటే: విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఆపెయ్, చెడ్డ కోడ్ సిస్టమ్ లోతుల్లోకి దూరకుండా చూసే మెమరీ ఇంటెగ్రిటీ తీసెయ్. దాంతో కంప్యూటర్ తలుపులు బార్లా తెరుచుకుంటాయి గానీ జర్క్ మాత్రం అక్కడే ఉంటుంది. పాత కన్సోళ్ల గేముల్లో వచ్చే కుదుపుల్లో ఎక్కువ భాగం స్క్రీన్‌కీ సౌండ్‌కీ టైమింగ్ కుదరక వచ్చేవే.

కాబట్టి మెషీన్‌కు సత్తువ ఉందో లేదో ముందు తేల్చుకోండి. చాలా కన్సోళ్ల ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే రెట్రోఆర్చ్‌లో గేమ్ నడుస్తుండగా ఎఫ్3 నొక్కితే ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) గీస్తోందో కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ థ్రాటిల్ కింద ఫాస్ట్ ఫార్వర్డ్ రేటును 0 చేయండి. 0 అంటే హద్దు లేదని. ఇప్పుడు స్పేస్ బార్ నొక్కండి. అంకె 60 నుంచి 200కో 400కో ఎగిరితే బలానికి లోటు లేదు, సమస్య వేరే చోట ఉంది. 70, 80 దగ్గరే ఆగిపోతే బరువైన సీన్ వచ్చినప్పుడు 60 కిందకి జారుతుంది. అలాంటివాళ్లు కింద "ఎప్పుడూ స్లోగానే ఉంటుంది" అన్న చోటికి వెళ్లండి.

లక్షణం: కొన్ని సెకన్లకోసారి, లెక్క పెట్టినట్టు ఒక కుదుపు

నేపథ్యం నున్నగా పక్కకు జరిగే గేమ్ తీసుకోండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రెండు కుదుపుల మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో చూడండి. కారణం ఏంటో ఆ అంకే చెబుతుంది.

నింటెండో పాత కన్సోళ్లలో అమెరికా, జపాన్ మోడల్ నెస్, సూపర్ నింటెండో సెకనుకు 60.0988 ఫ్రేములు గీస్తాయి. మీ మానిటర్ సరిగ్గా 60 హెర్ట్జ్ అయితే సెకనుకు 0.0988 ఫ్రేమ్ మిగిలిపోతుంది. అది పోగై పది సెకన్లకు ఒక పూర్తి ఫ్రేమ్ అవుతుంది, ఆ ఫ్రేమ్‌ను ఎమ్యులేటర్ పారేస్తుంది. అదే కుదుపు. టీవీ 59.94 దగ్గర నడుస్తుంటే ఆరు సెకన్లకోసారి వస్తుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ది 59.7275, కాబట్టి 60 హెర్ట్జ్ తెర మీద మూడున్నర, నాలుగు సెకన్ల మధ్య ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనబడుతుంది. మీ స్టాప్‌వాచ్ అంకె వీటిలో దేనికి సరిపోయినా యాంటీవైరస్‌ను తిట్టుకోనక్కర్లేదు.

పరిష్కారం: వీడియో, సింక్రొనైజేషన్ మెనూలో వీసింక్ (గేమ్ ఫ్రేములను మానిటర్ వేగంతో కలిపేది) ఆన్ చేయండి. ఆడియో, సింక్రొనైజేషన్‌లో డైనమిక్ ఆడియో రేట్ కంట్రోల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అప్పుడు గేమ్ మానిటర్ వేగానికి సర్దుకుంటుంది, దానికి తగ్గట్టు శబ్దాన్ని ఎమ్యులేటర్ కాస్త సాగదీస్తుంది. తేడా 0.5 శాతం లోపే, చెవికి తెలియదు.

ఆర్కేడ్ గేముల దగ్గర ఈ చిట్కా చెల్లదు. ఆర్-టైప్ బోర్డు 55.02 హెర్ట్జ్, మోర్టల్ కాంబాట్‌ది 54.7 దాకా. 60తో తేడా 9 శాతం. రెట్రోఆర్చ్ మాక్సిమమ్ టైమింగ్ స్క్యూ, అంటే గేమ్ వేగాన్ని మార్చడానికి అది ఒప్పుకునే హద్దు, మామూలుగా 0.05, అంటే 5 శాతం. ఆ హద్దు దాటితే అది అసలు వేగాన్నే కాపాడుతుంది, కుదుపును మనకే వదిలేస్తుంది. ఇక్కడ నికరంగా పనిచేసేది గేమ్‌కు తగ్గట్టు తన వేగం మార్చుకునే ఫ్రీసింక్ లేదా జీసింక్ మానిటర్. "సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్" ఆన్ చేస్తే తెరే 55కి దిగుతుంది. చాలా ఫ్రీసింక్ మానిటర్ల కింది హద్దు 48 కాబట్టి ఇబ్బంది ఉండదు.

144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. 144ని 60తో భాగిస్తే 2.4 వస్తుంది, ఫ్రేములు సమానంగా పంచుకోవడం కుదరదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 120కి మార్చి, రెట్రోఆర్చ్‌లో వీసింక్ స్వాప్ ఇంటర్వల్ 2 పెట్టండి, ఒక్కో ఫ్రేమ్ రెండుసార్లు కనబడుతుంది.

లక్షణం: సౌండ్ చిటపటలాడుతుంది

బఫర్, అంటే ముందుగా దాచిపెట్టుకున్న శబ్దం, ఖాళీ అవుతోంది. 48,000 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కు 800 శాంపిళ్లు కావాలి. రెట్రోఆర్చ్ ఆడియో లేటెన్సీ డిఫాల్ట్ 64 మిల్లీసెకన్లు, అంటే నాలుగు ఫ్రేములకు సరిపడా సరుకు. ఎవరో చెప్పారని దాన్ని 16కి దింపితే ఒక ఫ్రేమ్ కాస్త ఆలస్యమైనా చప్పుడు తెగుతుంది. మళ్లీ 64కి తెచ్చి, అక్కడి నుంచి 8 చొప్పున తగ్గిస్తూ చిటపట మొదలైన చోటికి ఒక మెట్టు పైన ఆగండి. 64 దగ్గర కూడా తెగుతుంటే ఎఫ్‌పీఎస్ 60 కిందకి పడుతోందేమో చూడండి.

లక్షణం: బటన్ నొక్కాక ఆలస్యంగా గెంతుతుంది

మొదట టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేయండి. వాటిలో శబ్దం 100 మిల్లీసెకన్లు దాటి ఆలస్యం కావడం మామూలే, దాంతో బటనే లేటన్న భ్రమ కలుగుతుంది. ఆ తర్వాతే రన్-అహెడ్, అంటే గేమ్‌లోని ఆలస్యాన్ని దాటేయడానికి ఎమ్యులేటర్ కొన్ని ఫ్రేములు ముందుగానే లెక్కించడం.

రన్-అహెడ్‌కు ఎంత అంకె పెట్టాలో ఊహించకండి, కొలవండి. గేమ్‌లో బొమ్మ నిలబడి ఉండగా పి నొక్కి పాజ్ చేయండి. గెంతే బటన్‌ను అదిమి పట్టుకుని కె నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. మూడో నొక్కుకు బొమ్మ కదిలితే గేమ్‌లోనే రెండు ఫ్రేముల ఆలస్యం ఉందన్నమాట. రన్-అహెడ్ 2 పెట్టవచ్చు. 3 పెడితే గెంతు మొదటి ఫ్రేమే మాయమై బొమ్మ టెలిపోర్ట్ అయినట్టు కనిపిస్తుంది. ఇంకో మాట: రన్-అహెడ్ 2 అంటే ప్రతి ఫ్రేమ్‌కూ ఎమ్యులేటర్ మూడు ఫ్రేముల పని చేస్తుంది. ఫాస్ట్ ఫార్వర్డ్‌లో 100 కూడా దాటని మెషీన్ దీన్ని మోయలేదు.

లక్షణం: చిన్నప్పటి కాంట్రా కన్నా వేగంగా పరిగెడుతోంది

ఇది లోపం కాదు, కానీ మన దగ్గర ఈ ఫిర్యాదు మామూలే. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, 50 హెర్ట్జ్ దగ్గర నడిచేవి. పాల్ టీవీల కోసం నెస్‌కు నకలుగా వచ్చిన క్లోన్ టీవీ గేములు, అదే "9999 ఇన్ 1" క్యాసెట్లు పెట్టి ఆడుకున్నవి, సెకనుకు 50 ఫ్రేములే గీసేవి. 60 ఫ్రేముల కోసం రాసిన గేమ్ వాటిలో 17 శాతం నెమ్మదిగా నడిచేది. ఆ నడకే చేతివేళ్లకు అలవాటైపోయింది. ఎమ్యులేటర్‌లో పాల్ అని మారిస్తే సరిపోదు. యూరప్ నెస్ సీపీయూ 1.66 మెగాహెర్ట్జ్ కాబట్టి పాటల శ్రుతి కూడా దిగిపోతుంది. క్లోన్లలో అది 1.77, అమెరికా మోడల్ 1.79కి బాగా దగ్గర. మెసెన్ అనే ఎమ్యులేటర్‌లో నెస్ సెట్టింగ్స్, రీజియన్‌లో "డెండీ" ఎంచుకోండి. రష్యాలో అమ్ముడైన క్లోన్ పేరది. పాట శ్రుతి అలాగే ఉండి, నడక మాత్రం పాత టీవీ మీద నడిచినట్టే ఉంటుంది.

లక్షణం: కొత్త ఎఫెక్ట్ కనబడిన మొదటిసారి మాత్రమే ఆగుతుంది

నింటెండో గేమ్‌క్యూబ్, వీ కన్సోళ్ల గేముల్లో ఇది షేడర్ (గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న ప్రోగ్రామ్) కంపైల్ అయ్యే సమయం. వాటి ఎమ్యులేటర్ డాల్ఫిన్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హైబ్రిడ్ ఊబర్‌షేడర్స్ పెట్టండి. జీపీయూ బలహీనమైతే ఇది కూడా బరువే, అప్పుడు స్కిప్ డ్రాయింగ్ ఎంచుకోండి.

లక్షణం: ఎప్పుడూ స్లోగానే ఉంటుంది

ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ను బెస్ట్ పర్ఫార్మెన్స్‌కి మార్చి, మళ్లీ కొలవండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత కోర్ సంగతి. రెట్రోఆర్చ్ లోపల ఒక్కో కన్సోల్‌ను అనుకరించే భాగమే కోర్. సూపర్ నింటెండో సీపీయూ 3.58 మెగాహెర్ట్జే కదా, దానికింత మెషీన్ ఎందుకంటారు గానీ, ప్రతి చిప్‌నూ క్లాక్ క్లాక్‌కీ సరిచూసే బీఎస్‌నెస్ లాంటి కోర్‌కు ఒక రోజుల్లో 3 గిగాహెర్ట్జ్ కావాల్సి వచ్చింది. పాత ల్యాప్‌టాప్ మీద స్నెస్9ఎక్స్ చాలు. ప్లేస్టేషన్ 1కి, గేమ్ కోడ్‌ను ఒక్కో సూచనగా చదివే ఇంటర్‌ప్రెటర్ కాకుండా, దాన్ని పీసీ కోడ్‌గా మార్చి నడిపే డైనారెక్ ఉన్న కోర్ వాడండి.

ఇవన్నీ అయ్యాకే సెక్యూరిటీ వైపు చూడాలి. మెమరీ ఇంటెగ్రిటీకి నిజంగానే ఖర్చు ఉంది, కానీ అది అందరికీ ఒకటి కాదు. ఇంటెల్‌లో కేబీ లేక్, అంటే ఏడో తరం నుంచి, ఏఎండీలో జెన్ 2 నుంచి దీనికి హార్డ్‌వేర్ సాయం ఉంది. అంతకు ముందువి ఆ పని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తాయి, అక్కడ భారం ఎక్కువ. రైజెన్ 5 2600 లాంటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో ఉన్నా ఈ సాయం వాటికి లేదు. "నాకు తేడా తెలిసింది" అనేవాళ్లూ "ఏమీ తేడా లేదు" అనేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ప్రాసెసర్లు వేరు.

కొలిచే పద్ధతి: బరువైన సీన్ దగ్గర ఎఫ్2తో స్టేట్ సేవ్ చేయండి. ఎఫ్4తో లోడ్ చేసి 30 సెకన్లు ఫాస్ట్ ఫార్వర్డ్‌లో ఎఫ్‌పీఎస్ రాసుకోండి. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్‌కి వెళ్లి మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి అదే సీన్ మళ్లీ కొలవండి. 180 కాస్తా 195 అయితే మీకు ఒరిగిందేమీ లేదు, 60 కంటే ఎక్కువ వాడుకోవడం లేదు కదా. వెంటనే ఆన్ చేసేయండి. 57 కాస్తా 61 అయితే తప్ప చర్చకు తావు లేదు. అప్పుడైనా తేలికైన కోర్‌కు మారడమే మేలు.

లైనక్స్‌లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపానికి పెట్టిన రక్షణలు ఆపేయమనే సలహా మరీ దండగ. వాటి భారం ఎక్కువగా ప్రోగ్రామ్ నుంచి కర్నెల్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోకి, వెళ్లొచ్చే దారిలో పడుతుంది. ఎమ్యులేటర్ తన సమయమంతా దాదాపు తన సొంత కోడ్‌లోనే గడుపుతుంది.

లక్షణం: యాంటీవైరస్ ఫైల్ ఎత్తుకెళ్లింది

ముందు ఆ ఫైల్ గేమా, ప్రోగ్రామా చూడండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనబడేలా పెట్టండి. నెస్ సూపర్ మారియో బ్రదర్స్ 40,976 బైట్లు: 32 కేబీ ప్రోగ్రామ్, 8 కేబీ బొమ్మలు, 16 బైట్ల హెడర్. అదే పేరుతో 5 ఎంబీ సెటప్ ఫైల్ దిగితే దాన్ని తెరవకుండా తీసిపారేయండి. మీ సొంత క్యాట్రిడ్జ్ నుంచి తీసుకున్న ఫైళ్లకు ఈ బెడద లేదు.

ఎక్స్‌క్లూజన్ (యాంటీవైరస్ చూడకుండా వదిలేసే మినహాయింపు) తప్పనిసరైతే గేమ్ ఇమేజ్‌లు మాత్రమే ఉన్న ఫోల్డర్‌కు ఇవ్వండి. ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌కు, డౌన్‌లోడ్స్‌కు వద్దు.

గేమ్ డేటా ఫైల్ ఏమీ చేయలేదనుకోవడం కూడా పొరపాటే. 2016 చివర్లో క్రిస్ ఎవాన్స్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఇది చేసి చూపించాడు. మ్యూజిక్ ఫైళ్లు వినిపించడానికి సిస్టమ్‌లో ఉన్న నెస్, సూపర్ నింటెండో సౌండ్ ఎమ్యులేషన్ లైబ్రరీల్లోని బగ్గుల ద్వారా, కన్సోల్ ప్రాసెసర్ సూచనలతోనే అసలు కంప్యూటర్ మీద కోడ్ నడిపాడు. థంబ్‌నెయిల్ తయారీ కోసం ఫైల్ మేనేజర్ ఆ ఫైల్‌ను తనంతట తానే తెరవడమే చాలింది. ఎక్స్‌టెన్షన్ మార్చినా లోపలి బైట్లను బట్టే లైబ్రరీ ఎంపికయ్యేది.

2007 నాటి సూపర్ నింటెండో ఎమ్యులేటర్ జెడ్‌స్నెస్ 1.51ని వదలని వాళ్లకు ఇదే చెప్పాలి. ఒక గేమ్ ఫైల్‌తో అసలు కంప్యూటర్ మీద కోడ్ నడపవచ్చని దాని మీద 2015లోనే చూపించారు. అభిమానులు మార్చి రాసిన పాత మారియో గేములు, అదే హ్యాక్‌లు, వేరే ఎమ్యులేటర్‌లో మ్యూజిక్ దగ్గర క్రాష్ అవుతాయని దాన్ని అట్టిపెట్టుకుంటారు. స్నెస్9ఎక్స్ కోర్ ఆప్షన్లలో ఎకో బఫర్ హ్యాక్ ఆన్ చేస్తే అలాంటి హ్యాక్‌లు నడుస్తాయి. మామూలు గేములకు వెళ్లేటప్పుడు దాన్ని ఆపేయండి.

లక్షణం: ఫ్లాట్‌పాక్ ఎమ్యులేటర్‌లో గేమ్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది

ఫ్లాట్‌పాక్ అంటే లైనక్స్‌లో ప్రోగ్రామ్‌ను మిగతా సిస్టమ్‌కు దూరంగా, శాండ్‌బాక్స్‌లో ఉంచే ప్యాకేజీ. ఆ శాండ్‌బాక్సే గేమ్ డ్రైవ్‌ను దాచింది. ఈ అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ యాప్‌లో ఎమ్యులేటర్‌ను ఎంచుకుని, అదర్ ఫైల్స్ కింద ఆ ఫోల్డర్ దారి రాసి, చివర కోలన్ పెట్టి ఆర్, ఓ అక్షరాలు చేర్చండి. చదవడానికి మాత్రమే అనుమతి వస్తుంది. మొత్తం హోమ్ ఫోల్డర్ తెరిచేయకండి.

లక్షణం: సేవ్ చేసిన ఆట మర్నాటికి లేదు

ఆటోసేవ్ ఆఫ్‌లో ఉంటే రెట్రోఆర్చ్ గేమ్ లోపలి సేవ్‌ను డిస్క్ మీద రాసేది గేమ్ మూసినప్పుడు. మధ్యలో కరెంటు పోతే అదీ పోతుంది. సేవింగ్ మెనూలో సేవ్‌రామ్ ఆటోసేవ్ ఇంటర్వల్‌ను 10 సెకన్లు చేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టిన పోర్టబుల్ ఎమ్యులేటర్‌కు అక్కడ రాసే అనుమతే ఉండదు, ఫోల్డర్‌ను బయటికి మార్చండి. ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్2 మెమరీ కార్డులు మామూలుగా డాక్యుమెంట్స్‌లో ఉంటాయి. రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి ఉంటే ఆ రాతను విండోస్ అడ్డుకుంటుంది. దాన్ని ఆపేయకుండా, అదే పేజీలో "అలో యాన్ యాప్" దగ్గర ఎమ్యులేటర్‌ను ఒక్కదాన్నే చేర్చి, గేమ్‌లో సేవ్ చేసి, మెమరీ కార్డు ఫైల్ మీద సమయం మారిందో లేదో చూడండి.