పెద్ద వలయాన్ని ఒక సోర్సు, ఒక నిరోధంగా కుదించే విధానం

12 వోల్టుల సోర్సుకు 6 కిలో ఓమ్, 3 కిలో ఓమ్ రెసిస్టర్లను శ్రేణిలో కలిపి, 3 కిలో ఓమ్ రెసిస్టరు రెండు కొసల నుంచి ఒక లోడుకు కరెంటు తీసుకుంటున్నామనుకుందాం. లోడు మారిన ప్రతిసారీ వలయం మొత్తానికి కిర్కాఫ్ సమీకరణాలు (కరెంట్ల, వోల్టేజీల మొత్తాలను సరిపోల్చే సమీకరణాలు) మళ్లీ మొదటి నుంచి రాయడం శ్రమ మాత్రమే కాదు, పొరపాట్లకు దారి కూడా. లోడు కలిపే రెండు టెర్మినళ్ల వైపు నుంచి చూసినప్పుడు, లోపల ఎంత చిక్కైన అల్లిక ఉన్నా, అది లీనియర్ వలయమైతే (అంటే సోర్సులు పోను మిగిలిన భాగాల్లో కరెంటు వోల్టేజీకి అనుపాతంగా మారితే) చాలు, దానిని ఒక వోల్టేజీ సోర్సు, దానికి శ్రేణిలో ఒక నిరోధంగా రాయవచ్చు. ఇది థెవెనిన్ రూపం. అదే వలయాన్ని ఒక కరెంట్ సోర్సు, దానికి సమాంతరంగా అదే నిరోధంగా రాస్తే నార్టన్ రూపం. ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ ఇంజనీరు లియోన్ షార్ల్ థెవెనిన్ దీనిని 1883లో ప్రకటించినా, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే ఇదే ఫలితాన్ని ప్రచురించారు. కరెంట్ సోర్సు రూపాన్ని 1926లో బెల్ ల్యాబ్స్‌లో ఎడ్వర్డ్ నార్టన్, జర్మనీలో హాన్స్ ఫెర్డినాండ్ మేయర్ విడివిడిగా ప్రతిపాదించారు.

మొదట చేయవలసిన పని లోడును వలయం నుంచి తీసేసి, మిగిలిన రెండు టెర్మినళ్లకు క, ఖ అని పేర్లు పెట్టుకోవడం. చాలామంది విద్యార్థులు ఈ మెట్టును మనసులోనే దాటేసి, లోడు నిరోధాన్ని కూడా లెక్కలో కలిపేస్తారు. తర్వాత వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. లోడు లీనియర్‌గా ఉండవలసిన అవసరం లేదు. అది డయోడు అయినా, ఎల్‌ఈడీ అయినా ఫరవాలేదు, దానిని తీసేయగా మిగిలిన భాగం లీనియర్‌గా ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు మన ఉదాహరణలో క, ఖ మధ్య ఏమీ కలపనప్పుడు ఉండే వోల్టేజీ 12 × 3 ÷ 9, అంటే 4 వోల్టులు. ఇదే థెవెనిన్ వోల్టేజీ. నిరోధం కోసం సోర్సులను నిర్వీర్యం చేయాలి: వోల్టేజీ సోర్సు ఉన్నచోట తీగతో కలిపేయాలి, కరెంట్ సోర్సు ఉన్నచోట తెంచేయాలి. అలా చేస్తే 6, 3 కిలో ఓమ్‌లు సమాంతరమై 2 కిలో ఓమ్‌లు వస్తుంది. క, ఖ లను షార్ట్ చేస్తే, అంటే తీగతో నేరుగా కలిపేస్తే, 3 కిలో ఓమ్‌లో కరెంటు ఉండదు కనుక 12 ÷ 6, అంటే 2 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తుంది. ఇది నార్టన్ కరెంటు. ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది వచ్చేస్తుంది. అయినా మూడింటినీ విడివిడిగా లెక్కించి, 4 వోల్టులను 2 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 2 కిలో ఓమ్‌లే వస్తుందో లేదో చూసుకోమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే పరీక్షలోనైనా పనిలోనైనా ఇంత తక్కువ ఖర్చుతో దొరికే సరిచూపు మరొకటి లేదు. ఒక రూపం నుంచి మరొక రూపానికి మార్చేటప్పుడు కరెంట్ సోర్సు బాణం వోల్టేజీ సోర్సు ధన కొస ఉన్న వైపుకే చూపాలి.

ఆధారిత సోర్సులు, అంటే వలయంలోని మరో కరెంటు లేదా వోల్టేజీని బట్టి విలువ మారే సోర్సులు, ఉన్న వలయాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 12 వోల్టుల సోర్సు నుంచి 3 ఓమ్‌ల గుండా క వైపు ఐ అనే కరెంటు వస్తోందని, ఖ నుంచి క కు 2ఐ కరెంటు పంపే ఆధారిత సోర్సు ఒకటి, క, ఖ మధ్య 1 ఓమ్ రెసిస్టరు ఉన్నాయని అనుకుందాం. టెర్మినళ్లు ఖాళీగా ఉన్నప్పుడు 1 ఓమ్ గుండా 3ఐ పోతుంది; అందువల్ల 12 − 3ఐ = 3ఐ, ఐ విలువ 2 ఆంపియర్లు, వోల్టేజీ 6 వోల్టులు. షార్ట్ చేసినప్పుడు ఐ 4 ఆంపియర్లు అవుతుంది, షార్ట్ గుండా పోయేది 12 ఆంపియర్లు. కాబట్టి నిరోధం అర ఓమ్. ఆధారిత సోర్సును కూడా పొరపాటున తెంచేసి ఉంటే 3, 1 ఓమ్‌ల సమాంతరంగా 0.75 ఓమ్ అనే తప్పు విలువ వచ్చేది. నిర్వీర్యం చేయవలసినవి స్వతంత్ర సోర్సులు మాత్రమే. వలయంలో స్వతంత్ర సోర్సులు అసలే లేకపోతే బయటి నుంచి 1 వోల్టు ప్రయోగించి, లోపలికి పోయే కరెంటును లెక్కించాలి. మన వలయంలో 12 వోల్టుల చోట తీగ పెట్టి ఇలా చేస్తే 2 ఆంపియర్లు వస్తుంది, అంటే మళ్లీ అర ఓమే.

ఈ సమానత్వం టెర్మినళ్ల బయటికి మాత్రమే వర్తిస్తుంది. మొదటి ఉదాహరణలో లోడు లేనప్పుడు అసలు వలయం 16 మిల్లీవాట్లను వేడిగా మారుస్తుంది. థెవెనిన్ రూపంలో అది సున్నా, నార్టన్ రూపంలో 8 మిల్లీవాట్లు. కనుక లోపలి రెసిస్టర్లు ఎంత వేడెక్కుతాయో తెలియాలంటే అసలు వలయానికే తిరిగి వెళ్లాలి. ఏసీ వలయాల్లో నిరోధం బదులు ఇంపిడెన్స్ (కాయిల్, కెపాసిటర్ల ప్రభావాన్ని కూడా కలుపుకున్న అడ్డంకి) రాయాలి. అలా వచ్చిన విలువ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే చెల్లుతుంది.

బల్ల మీద ఉన్న నిజమైన సెల్లుకు ఈ విలువలు కనుక్కోవాలంటే దానిని షార్ట్ చేయకూడదు, ముఖ్యంగా వాహనాల బ్యాటరీల విషయంలో అది ప్రమాదకరం. మల్టీమీటరుతో ఖాళీ వోల్టేజీ కొలిచి, తర్వాత తెలిసిన లోడు పెట్టి మళ్లీ కొలవండి. ఖాళీగా 1.50 వోల్టులు, 12 ఓమ్‌ల లోడుతో 1.44 వోల్టులు చూపితే, లోపలి నిరోధం 12 × (1.50 ÷ 1.44 − 1), అంటే అర ఓమ్.

మన ఊళ్లలో కనిపించే ట్రాన్స్‌ఫార్మర్లకూ ఇదే లెక్క పనికొస్తుంది. 100 కేవీఏ, 433 వోల్టుల త్రీ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మరు పూర్తి లోడు కరెంటు సుమారు 133 ఆంపియర్లు. నేమ్‌ప్లేటు మీద ఇంపిడెన్స్ 4.5 శాతం అని ఉంటే (అంటే షార్ట్ చేసినప్పుడు పూర్తి లోడు కరెంటు పోవడానికి పూర్తి వోల్టేజీలో 4.5 శాతమే చాలు), 11 కేవీ లైను ఇంపిడెన్స్‌ను పక్కన పెట్టి చూస్తే, మూడు ఫేజులూ టెర్మినళ్ల దగ్గరే షార్ట్ అయినప్పుడు పోయే కరెంటు 133 ÷ 0.045, అంటే దాదాపు 2,960 ఆంపియర్లు. ఇది ఆ ట్రాన్స్‌ఫార్మరు నార్టన్ కరెంటే. దాని పక్కన బిగించే బ్రేకరు ఇంతకు తగ్గని కరెంటును తెంచగలిగినదై ఉండాలి.