బుల్లి బండికి గతం: కథ ఉన్న మోడల్ ట్రక్కును ఎలా తయారుచేయాలి?

చాలా ఏళ్లపాటు నేను మోడల్ కిట్‌ను, అంటే ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ బుల్లి బండిని, పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టే అతికించి, మెరిసే రంగు వేసి అద్దాల బీరువాలో పెట్టేవాణ్ణి. పది బండ్లు చేరాక ఒకరోజు వాటిని చూస్తుంటే అవేవీ ఎవరివీ కావనిపించింది. అన్నీ ఇప్పుడే షోరూమ్‌లోంచి వచ్చినట్టున్నాయి, ఎవరూ తోలినట్టు లేవు. అప్పటినుంచి కట్టర్ పట్టుకునే ముందు పెన్ను పట్టుకుంటున్నాను. ఈ బండి ఎవరిది, దీంతో ఏం పని చేశారు, ఇప్పుడు ఎలా ఉంది అనేవి ముందే రాసుకుంటాను. ఆ తర్వాత బండి మీద వేసే ప్రతి గీతకీ, ప్రతి తుప్పు మరకకీ ఆ కాగితంలో కారణం దొరకాలి. దొరకకపోతే ఆ మరక వేయను.

ముందు కథ

పెద్ద కథ అక్కర్లేదు, ఆరేడు వాక్యాలు చాలు. కాకపోతే అవి పనికొచ్చే వాక్యాలు కావాలి. "ఇది చాలా కష్టాలు పడ్డ ట్రక్కు" అని రాసుకుంటే బ్రష్‌కి ఏ పనీ దొరకదు. ఉదాహరణకి నేను చేసిన ఒక పికప్ కథ చెబుతాను. 1/24 స్కేలు, అంటే అసలు బండిలో ఇరవైనాలుగో వంతు.

మొదటి యజమాని నీళ్ల మోటార్లు బాగుచేసే మెకానిక్. ముదురు నీలం రంగు బండి కొత్తది కొని, రెండు తలుపుల మీదా షాపు పేరు అంటించాడు. పదిహేనేళ్లు వాడి, మొక్కల నర్సరీ నడిపే ఒకావిడకి అమ్మేశాడు. ఆవిడ ఆ అక్షరాలు పీకేసింది కానీ రంగు మార్చలేదు. ఒకసారి గేటు స్తంభానికి రాసుకుని డ్రైవర్ వైపు తలుపు పాడైంది. పాత బండ్లు విప్పే చోట ఆకుపచ్చ తలుపు ఒకటి దొరికితే అదే బిగించింది. బండిని ఎప్పుడూ ఒకే చెట్టు పక్కన ఆపుతుంది. నీడ డ్రైవర్ వైపు, ఎండ రెండో వైపు.

ఇంతే కథ. అయినా చేయాల్సిన పనులన్నీ ఇందులోనే ఉన్నాయి. మోటార్లు ఈడ్చిన గీతలు తొట్టి (వెనక సామాను పెట్టే భాగం) అడుగున పొడవుగా ఉండాలి. తడి కుండీల వల్ల తొట్టి మూలల్లో తుప్పు పట్టాలి. ఒక తలుపు రంగు వేరు. రెండో తలుపు మీద పీకేసిన అక్షరాల జాడ కనిపించాలి. ఎండ వైపు రంగు వెలవాలి. చెట్టు కింద నిలబడుతుంది కాబట్టి వైపర్ల దగ్గర ఎండాకులు ఇరుక్కోవాలి.

కథలో సంవత్సరం ఉంటే దాన్ని బండితో సరిచూసుకోండి. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 వరకు నలుపు రంగులోనే వచ్చింది. 1920 నాటి ఎర్రటి మోడల్ టి చేయాలంటే, దానికి ఎవరు, ఎందుకు మళ్లీ రంగు వేశారో కథే చెప్పాలి. వోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనక అద్దం 1953 దాకా మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉండేది. తర్వాత కోడిగుడ్డు ఆకారంలో ఒకటే అద్దం వచ్చింది. 1957లో అదీ పోయి పెద్ద అద్దం పెట్టారు. ఇలాంటి తేడాలు తెలిసినవాళ్లు మోడల్‌ని చూడగానే పట్టేస్తారు. వాళ్లు పట్టేది మన కథలో భాగమైతే అంతకన్నా సంతోషం లేదు.

కిట్, కొలతలు

కార్లకు ఎక్కువగా దొరికేవి 1/24, 1/25 స్కేళ్లు. నాలుగున్నర మీటర్ల కారు 1/24లో 19 సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇంతకన్నా చిన్న స్కేలు జోలికి పోవద్దని నా సలహా. వివరాలు వేయడానికి చోటు ఉండదు.

ఒక లెక్క మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: 1/24లో ఒక మిల్లీమీటరు అంటే నిజం బండి మీద 24 మిల్లీమీటర్లు. బ్రష్ తాకి మిల్లీమీటరు పెచ్చు పడిందంటే, అసలు బండి మీద దాదాపు అంగుళం వెడల్పున రంగు లేచినట్టు. కొత్తగా చేసేవాళ్ల బండ్లు అతిగా తుప్పు పట్టినట్టు కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. మచ్చలు మరీ పెద్దవైపోతాయి.

కోయడం, అతికించడం

భాగాలు అంటుకుని ఉన్న ఫ్రేములను గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి తీసేటప్పుడు రాసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. భాగాన్ని ఒక్క కోతలో తీయకండి. ముందు కాస్త దూరంగా కోసి, మిగిలిన ముక్కను రెండోసారి దగ్గరగా కోయండి. తర్వాత 400, 600, 1000 నంబర్ల సాండ్‌పేపర్లతో వరసగా రుద్దండి. బ్లేడు ఎప్పుడూ మీ వేళ్లకు ఎదురుగా కాకుండా బయటికి కదలాలి.

ప్లాస్టిక్ సిమెంటు రెండు భాగాల అంచులనూ కాస్త కరిగించి కలుపుతుంది. అద్దాలకు మాత్రం అది వాడొద్దు, సూపర్ గ్లూ అసలే వాడొద్దు. సూపర్ గ్లూ ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పడుతుంది. అలా నా చేతిలో ఒక మంచి విండ్‌షీల్డ్ పాడైంది, ఎంత పాలిష్ చేసినా పూర్తిగా పోలేదు. అద్దాలకు తెల్ల జిగురు చాలు. ఆరాక అది కనిపించదు.

కథ చెప్పే మార్పులు ఈ దశలోనే చేయాలి. సొట్ట కావాలంటే బాడీని లోపలి నుంచి బ్లేడుతో గీకి పల్చన చేయండి. ఆ చోటును బాగా వేడి నీళ్లలో ముంచి, గుండ్రటి బ్రష్ కాడతో నెమ్మదిగా నొక్కండి. మంట దగ్గర పెట్టకండి. ఒక్క క్షణంలో ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. పాతబడిన పికప్ వెనక వైపు కాస్త దిగబడినట్టు ఉండాలంటే వెనక ఇరుసును ఒక మిల్లీమీటరు పైకి బిగిస్తే చాలు. టైర్లు నేలకు ఆనే చోట కాస్త చదునుగా రుద్దితే బండికి బరువు వచ్చినట్టు కనిపిస్తుంది. ఇంత చిన్న పని ఇంత తేడా తెస్తుందని చేసి చూస్తే గానీ నమ్మలేరు.

రంగులు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇది, అందుకే ఎక్కువ రాస్తున్నాను. రంగు స్ప్రే చేసేటప్పుడు గాలి ఆడే చోట కూర్చోండి, మాస్కు పెట్టుకోండి. వాసన లేని రంగైనా సరే.

ముందు బూడిద రంగు ప్రైమర్, అంటే పైరంగు బాగా పట్టడానికి వేసే మొదటి పొర. దాని మీద, తుప్పు పట్టాల్సిన చోట్ల ముదురు గోధుమ రంగు. అది బాగా ఆరాక, మామూలు హెయిర్‌స్ప్రేను రెండు పల్చటి పొరలుగా కొట్టండి. అది కూడా ఆరాక ముదురు నీలం అక్రిలిక్ రంగు వేయండి. గంట తర్వాత ఆ చోటును గోరువెచ్చని నీళ్లతో తడిపి, గట్టి కుచ్చు ఉన్న పొట్టి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. కింద ఉన్న హెయిర్‌స్ప్రే కరిగి, పైరంగు చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. నిజం బండి మీద రంగు లేచే తీరుకు ఇంత దగ్గరగా వచ్చే పద్ధతి నేను మరొకటి చూడలేదు. పైరంగు నీళ్లు కలిపి వాడే అక్రిలిక్ అయితేనే ఇది పనిచేస్తుంది. నీళ్లకు బదులు థిన్నర్‌తో కలిపే లక్కర్ రంగు అయితే లేవదు.

పెచ్చులు ఎక్కడ లేపాలో కథను అడగండి. నా పికప్‌కి తొట్టి అంచుల మీద, మూలల్లో, తొట్టి వెనక తలుపు దగ్గర లేపాను. పైకప్పు ముట్టుకోలేదు. అక్కడ ఎవరూ ఏదీ ఈడ్వరు కదా.

పీకేసిన అక్షరాల జాడకు మాస్కింగ్ టేపు కావాలి. ఎండ వైపు తలుపు మీద, ముదురు నీలం ఆరాక, టేపుతో కోసిన చిన్న అక్షరాలు అంటించండి. అదే నీలంలో కొంచెం తెలుపు, చిటికెడు బూడిద రంగు కలిపి బాగా పల్చన చేసి, తలుపు మీద మంచులా స్ప్రే చేయండి. టేపు తీస్తే అక్షరాలు ఉన్నచోట పాత ముదురు నీలం మిగిలి ఉంటుంది. స్టిక్కర్ కింద రంగు ఎండకు వెలవదు కదా, అదే ఇక్కడ జరుగుతోంది. వెలిసిన రంగును అదే వైపు బోనెట్ మీదికీ, పైకప్పు మీదికీ కొనసాగించండి. నీడ వైపు ముదురుగానే ఉంచండి. ఆకుపచ్చ తలుపును విడిగా రంగు వేసి చివర్లో అతికించండి.

తర్వాత డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే సన్నటి స్టిక్కర్లు), వాటి మీద క్లియర్ కోటు, అంటే రంగు లేని రక్షణ పొర. అక్రిలిక్ క్లియర్ బాగా ఆరిన తర్వాత ఎనామెల్‌తో (నూనె రకం రంగుతో) చేసిన పల్చటి గోధుమ రంగు ద్రవాన్ని తలుపు సందుల్లోకి పారించండి. ఎక్కువైంది ఎనామెల్ థిన్నర్ తడిపిన బ్రష్‌తో తుడవండి. కింది అక్రిలిక్‌కి ఏమీ కాదు. క్లియర్ ఆరిందో లేదో తెలియకపోతే వాసన చూడండి. రంగు వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు.

దుమ్ముకీ ఒక కారణం కావాలి. విండ్‌షీల్డ్ మీద వైపర్లు తిరిగే చోట విసనకర్ర ఆకారంలో టేపు అంటించి, చుట్టూ పల్చటి మట్టి రంగు స్ప్రే చేసి తీసేయండి. ఆవిడ ఈ ఉదయమే వైపర్ వేసింది. చక్రాల వెనక భాగంలో మట్టి ఎక్కువ, తలుపుల పైభాగంలో తక్కువ ఉండాలి. తలుపు పిడి చుట్టూ మాత్రం తుడిచేయండి. రోజూ చేయి పడే చోట దుమ్ము నిలవదు. సైలెన్సర్ గొట్టం చివర పొడి నలుపు వేయండి. టైర్లకు నల్లరంగు కాకుండా ముదురు బూడిద వేయండి. రోడ్డు మీద తిరిగే టైరు నల్లగా ఉండదు.

లోపలి సంగతులు

తలుపు అద్దంలోంచి కనిపించేది కొంచెమే. అయినా డ్రైవర్ సీటు ఒక్కటే మాసి ఉండాలి, పక్కసీటు కొత్తగా ఉండాలి, ఆవిడ ఒంటరిగా తిరుగుతుంది కాబట్టి. డాష్‌బోర్డు మీద బిల్లు కాగితాలు పెట్టాలంటే లెక్క తేలికే. ఎ4 కాగితం 1/24లో దాదాపు 12 మిల్లీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. సన్నటి కాగితం కోసి ఒక మూల మడవండి. ఎండిన ఆకులు నలిపి, టీ వడగట్టే జల్లెడలో జల్లించి, రెండు మూడు ముక్కలు మాత్రమే తెల్ల జిగురుతో వైపర్ల కింద అంటించండి. గుప్పెడు వేస్తే చెత్తబుట్టలా ఉంటుంది.

పూర్తయ్యాక కొందరు కథంతా కార్డు మీద రాసి పక్కన పెడతారు. నేను రెండు వాక్యాలే రాస్తాను: యజమాని ఎవరు, ఏం పని. ఆకుపచ్చ తలుపు గురించి చూసేవాళ్లే అడగాలి.

ఫొటో తీసేటప్పుడు కెమెరాను బల్ల మీద నుంచి ఆరు సెంటీమీటర్ల ఎత్తులో పట్టండి. 1/24లో అది దాదాపు మనిషి కంటి ఎత్తు. పైనుంచి తీస్తే బొమ్మలా కనిపించే బండి ఆ ఎత్తు నుంచి వీధిలో నిలబెట్టినట్టు ఉంటుంది. లైటు ఒకటే వాడండి. దాన్ని రంగు వెలిసిన వైపు పెట్టండి, ఈ బండికి ఎండ ఎప్పుడూ అటువైపు నుంచే వస్తుంది.